ఇంటిపేరుకీ పేరుకీ మధ్య ఒక ఖాళీ: జార్జియా ఓటరు నమోదు సర్వీసుపై నా రివ్యూ

2025 అక్టోబరు 18, శనివారం పొద్దున అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో మొదటిసారి ఓటేశాను. లోపలికి వెళ్ళి బయటికి రావడానికి 11 నిమిషాలు పట్టింది. దానికి ముందు రెండు నెలలు కాగితాలు పట్టుకుని తిరిగాను. అందుకే ఈ సర్వీసుకి ఒకే మార్కు వేయలేకపోతున్నాను. పోలింగ్ కేంద్రంలో జరిగినదానికి ఐదుకి ఐదు. అక్కడిదాకా చేర్చే నమోదు పద్ధతికి మూడు. మనవాళ్ళు చాలామంది ఈ మధ్యే సిటిజన్లు అవుతున్నారు. 2026 నవంబరు 3న గవర్నర్ ఎన్నిక ఉంది. నాకు ఎదురైనవి వాళ్ళకి ముందే తెలిస్తే కనీసం ఒక ఉత్తరమైనా తప్పుతుంది.

నేను ఈ దేశం వచ్చి 19 ఏళ్ళు. హెచ్4 మీద, అంటే మా ఆయన ఉద్యోగ వీసాకి తోడుగా ఇచ్చే వీసా మీద వచ్చాను, తర్వాత గ్రీన్ కార్డు, 2025 ఆగస్టు మొదటి వారంలో అట్లాంటాలో సిటిజన్‌గా ప్రమాణం చేసే ఓత్ సెర్మనీ. ఆ రోజు హాలు బయట ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు బల్ల వేసుకుని ఓటరు నమోదు ఫారాలు ఇస్తున్నారు. నేనూ ఒకటి తీసుకున్నాను కానీ అక్కడే నింపలేదు. ఇంటికెళ్ళి ఆన్‌లైన్‌లో చేద్దాంలే అనుకున్నాను. ఆ నెలాఖరులో, ఆగస్టు 29న, ఇమ్మిగ్రేషన్ శాఖ రూలు మార్చింది. ఇప్పుడు ఓత్ సెర్మనీల దగ్గర ప్రైవేటు సంస్థలు ఆ పని చేయకూడదు, రాష్ట్ర, కౌంటీ (మన జిల్లా లాంటిది) ఎన్నికల అధికారులే చేయాలి. కాబట్టి ఇకముందు ప్రమాణం చేసేవాళ్ళు బయట ఎవరో ఫారం ఇస్తారని చూడకుండా, ఆ పని తమదే అనుకోవడం మంచిది.

ఓత్ అయిన రోజు రాత్రి ఫోన్‌లో వెతికితే పైన కనబడిన సైటుకి వెళ్ళాను. జెండా బొమ్మ ఉంది, డేగ బొమ్మ ఉంది, అచ్చం ప్రభుత్వ సైటులాగే ఉంది. పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు (మన ఆధార్ నంబరు లాంటిది) చివరి నాలుగు అంకెలు అడిగింది, ఇచ్చాను. తర్వాతి పేజీలో క్రెడిట్ కార్డు అడిగింది. అక్కడ ఆగాను. ఓటరుగా నమోదు కావడానికి అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ డబ్బు కట్టక్కర్లేదు. అది ఎవరో ప్రైవేటువాళ్ళు నడిపే సైటు, ఫారం నింపిపెట్టి ఫీజు తీసుకుంటారట. డబ్బు పోలేదు కానీ అంకెలు ఇచ్చేశాను కదా, ఆ టెన్షన్‌తో మర్నాడు పొద్దున్నే నా పేరు మీద ఎవరూ అప్పు తీసుకోకుండా మూడు క్రెడిట్ బ్యూరోల్లోనూ నా ఖాతా ఫ్రీజ్ చేయించాను. అసలు సైటు రాష్ట్రంలో ఎన్నికలు నిర్వహించే జార్జియా సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుది. అడ్రసు చివర జీఓవీ అని ఉంటుంది. అది లేని పేజీలో మీ వివరాలు ఒక్కటి కూడా టైపు చేయవద్దు.

అసలు సైటులో ఫారం చిన్నదే, ఐదు నిమిషాల పని. జార్జియా డ్రైవింగ్ లైసెన్సు నంబరో రాష్ట్ర ఐడీ కార్డు నంబరో ఇవ్వాలి. ఆ రెండూ లేకపోతే ఆన్‌లైన్ కుదరదు, కాగితం ఫారం మీద సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలు రాయాలి. ఇది ఒక్క జార్జియా పెట్టిన రూలు కాదు. 2002 నాటి హెల్ప్ అమెరికా వోట్ చట్టం ప్రకారం దాదాపు ప్రతి రాష్ట్రమూ కొత్త దరఖాస్తులోని నంబరుని లైసెన్సు రికార్డులతోనో, సోషల్ సెక్యూరిటీ రికార్డులతోనో పోల్చి చూడాలి. ఆ పోల్చడంలోనే మనవాళ్ళకి చిక్కొస్తుంది.

నా పూర్తి పేరు వెంకట నాగ సత్యవతి. అందరూ సత్య అంటారు. ఇండియా పాస్‌పోర్టులో మూడు మాటలూ విడివిడిగా ఉన్నాయి. గ్రీన్ కార్డులో వెంకట అనేది ఫస్ట్ నేమ్ అయింది, నాగసత్యవతి కలిసిపోయి మిడిల్ నేమ్ అయింది. సోషల్ సెక్యూరిటీ కార్డులో వెంకటనాగ కలిసింది, సత్యవతి విడిగా ఉంది. ఇంటిపేరు ఒక్కటే అన్నిట్లోనూ ఒకేలా ఉంది. మా అమ్మానాన్నలు వెంకటేశ్వరస్వామినీ, నాగమ్మ అయిన మా నాయనమ్మనీ, సత్యనారాయణ వ్రతాన్నీ కలిపి పెట్టిన పేరది. దాంట్లో ఏ మాటా అదనం కాదు. కంప్యూటరుకి మాత్రం ఆ మూడు కార్డుల మీదా ముగ్గురు మనుషులు కనబడవచ్చు.

జార్జియాలో ఈ గొడవకి పెద్ద చరిత్ర ఉంది. దరఖాస్తులో వివరాలు ప్రభుత్వ రికార్డుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలనే పద్ధతిని ఇక్కడ ఎగ్జాక్ట్ మ్యాచ్ అంటారు. ఒక హైఫన్ తేడా, ఒక ఖాళీ తేడా ఉన్నా దరఖాస్తు పెండింగ్‌లో పడేది. 2018లో గవర్నర్ ఎన్నిక సమయానికి అలా సుమారు 53,000 దరఖాస్తులు పెండింగ్‌లో ఉన్నాయి. వాటిలో దాదాపు 70 శాతం నల్లజాతివారివని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఎన్నికలు నిర్వహించే సెక్రటరీ ఆఫ్ స్టేట్‌గా ఉన్న బ్రయన్ కెంపే ఆ ఏడాది గవర్నర్ అభ్యర్థి కూడా. కేసులు పడ్డాయి. 2019లో చట్టం మార్చారు. ఇప్పుడు పేరో నంబరో సరిపోకపోతే దరఖాస్తుని ఆపరు, నమోదు చేస్తారు. మొదటిసారి ఓటేసేటప్పుడు గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. జార్జియాలో ప్రతి ఓటరూ ఎలాగూ ఫొటో ఉన్న గుర్తింపు చూపించాల్సిందే కాబట్టి పేరులో ఖాళీ వల్ల ఇప్పుడు పెద్ద నష్టం లేదు. ఇది మంచి మార్పు, మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

కానీ సిటిజన్‌షిప్ విషయంలో పాత పద్ధతి పోలేదు. లైసెన్సు రికార్డులో మీరు సిటిజన్ కాదని ఉంటే దరఖాస్తు పెండింగ్‌లోకి వెళ్తుంది. నా లైసెన్సు నేను గ్రీన్ కార్డు మీద ఉన్నప్పుడు తీసుకున్నది. ప్రమాణం చేయగానే ఆ రికార్డు దానంతట అది మారదు. మనం వెళ్ళి మార్పించుకోవాలి. నేను వెళ్ళలేదు, ఓటుకీ లైసెన్సుకీ ముడి ఉందని నాకు తోచలేదు. ఆగస్టు నెలాఖరులో కౌంటీ నుంచి ఉత్తరం వచ్చింది, సిటిజన్‌షిప్ రుజువు పంపమని. మర్యాదగా రాసిన ఉత్తరమే. ఏం చూపించవచ్చో, ఎక్కడికి పంపాలో స్పష్టంగా ఉంది.

చూపించడానికి నా చేతిలో ఏమీ లేదు. ఓత్ రోజున ఇచ్చిన సిటిజన్‌షిప్ సర్టిఫికెట్‌ని అప్పటికే పాస్‌పోర్టు దరఖాస్తుతోపాటు పంపేశాను. పాస్‌పోర్టుకి అసలు సర్టిఫికెట్టే పంపాలి, వాళ్ళు చూసి తిరిగి పంపుతారు. అంటే ఆ కొన్ని వారాలు నేను ఈ దేశ పౌరురాలినని చెప్పే కాగితం ఒక్కటీ ఇంట్లో లేదు. జిరాక్సు ఉందా అని మా ఆయన అడిగారు. లేదు. ఆ సర్టిఫికెట్ మీదే అచ్చు వేసి ఉంటుంది, చట్టపరమైన అధికారం లేకుండా దీన్ని కాపీ తీయడం, ఫొటో తీయడం నేరమని. చదివి భయపడి ఫోన్‌తో ఫొటో కూడా తీయలేదు. తర్వాత తెలిసింది, న్యాయమైన అవసరానికి కాపీ తీసుకుని దాచుకోవడంలో తప్పు లేదట. ఓత్ రోజున ఎవరైనా ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది.

సెప్టెంబరు మధ్యలో పాస్‌పోర్టు వచ్చింది. మర్నాడే కౌంటీ ఎన్నికల ఆఫీసుకి వెళ్ళాను. నవంబరు 4 ఎన్నికకి నమోదు గడువు అక్టోబరు 6, చేతిలో ఇంకా మూడు వారాలు ఉన్నాయి. కౌంటర్‌లో ఉన్నావిడ అరవై దాటిన మనిషి. పాస్‌పోర్టు తీసుకుని, నా పేరు మూడు ముక్కలనీ ఒక్కొక్కటిగా పలికి, సరిగ్గా పలికానా అని అడిగారు. సరిగ్గానే పలికారు. నాలుగు నిమిషాల్లో పని అయిపోయింది. రెండు రోజుల తర్వాత సైటులో నా పేరు పక్కన యాక్టివ్ అని, అంటే నమోదు పూర్తయినట్టు కనిపించింది. వారానికి పోలింగ్ కేంద్రం పేరున్న కార్డు పోస్టులో వచ్చింది.

ఇదంతా చెప్పడం ఎందుకంటే, పనులు చేసుకునే వరస మారిస్తే వీటిలో సగం ఉండేవి కావు. ఓత్ అయ్యాక సర్టిఫికెట్ చేతిలో ఉండగానే ముందు సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్ళి సిటిజన్‌షిప్ మార్పించుకోండి, పేరు కూడా సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉందో లేదో చూసుకోండి. తర్వాత లైసెన్సు ఆఫీసు. జార్జియాలో 2016 నుంచి సిటిజన్లు లైసెన్సు పని మీద వెళ్తే, వద్దని చెబితే తప్ప ఓటరు నమోదు కూడా అక్కడే అయిపోతుంది. ఈ రెండూ అయ్యాకే సర్టిఫికెట్‌ని పాస్‌పోర్టుకి పంపండి. ఇండియా టికెట్లు కొనేసి పాస్‌పోర్టు తొందరలో ఉండేవాళ్ళు ఈ వరస తప్పుతారు. నేనూ అందుకే తప్పాను.

ఇంత కష్టం పెట్టే తనిఖీ అసలు అవసరమా అని మా స్నేహితుల్లో ఒకరు అడిగారు. నా మట్టుకు నాకు తనిఖీ కావాలి. ఓటు సిటిజన్‌దే కావాలి, ఒక మనిషికి ఒకటే కావాలి. అయితే ఆ తనిఖీ కొత్త రికార్డు చూసి జరగాలి. నేను ప్రమాణం చేసిన సంగతి కేంద్ర ప్రభుత్వానికి ఆ నిమిషమే తెలుసు. రాష్ట్రం తన దగ్గరున్న పాత లైసెన్సు రికార్డు చూసి నన్ను అడుగుతుంది. 2018 నవంబరులో ఫెడరల్ జడ్జి ఎలియనోర్ రాస్ ఇలాంటివాళ్ళ గురించే ఉత్తర్వు ఇచ్చారు. సిటిజన్‌షిప్ తనిఖీలో ఆగిపోయిన 3,000 మందికి పైగా జనం పోలింగ్ కేంద్రంలోనే రుజువు చూపించి ఓటేయనివ్వాలన్నారు. తర్వాత ఎగ్జాక్ట్ మ్యాచ్ మీద నడిచిన పెద్ద కేసులో 2022 సెప్టెంబరులో కోర్టు రాష్ట్రం వైపే తీర్పిచ్చింది. కాబట్టి పద్ధతి ఇప్పటికీ ఇదే.

సిటిజన్లు కానివాళ్ళు వేలకొద్దీ ఓట్లేస్తున్నారన్న మాట టీవీలో వింటూంటాం. 2024 అక్టోబరులో సెక్రటరీ ఆఫ్ స్టేట్ బ్రాడ్ రాఫెన్స్‌పెర్గర్ ఆఫీసు మొత్తం జాబితాని తనిఖీ చేసింది. 82 లక్షల మంది ఓటర్లలో సిటిజన్లు కానివాళ్ళు 20 మంది తేలారు. జాబితా శుభ్రంగా ఉందనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

ఆ 20 మందిలో మనవాళ్ళు ఉండకూడదు. గ్రీన్ కార్డు మీదా, హెచ్1బీ మీదా ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఇది జాగ్రత్తగా వినండి. షాపు ముందో పండగ దగ్గరో ఎవరో క్లిప్‌బోర్డు పట్టుకుని వచ్చి సంతకం పెట్టమంటారు. లైసెన్సు ఆఫీసు తెర మీద ఓటరుగా నమోదవుతారా అని ప్రశ్న వస్తుంది. తొందరలో అవును అని నొక్కవద్దు. సిటిజన్‌నని తప్పుగా చెప్పడం ఫెడరల్ నేరం. తర్వాత గ్రీన్ కార్డు పోవచ్చు, దేశం నుంచి పంపేయవచ్చు. సిటిజన్‌షిప్ దరఖాస్తులో కూడా ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా అని సూటిగా అడుగుతారు. తెలియక చేశాను అంటే గట్టెక్కడం చాలా కష్టం. పొరపాటున నమోదైతే వెంటనే ఇమ్మిగ్రేషన్ లాయరుని కలవండి, ఆ ఓటు మాత్రం వేయకండి.

ఇక సైటు సంగతి. మై వోటర్ పేజ్ అని పిలిచే ఆ పేజీలో మీ నమోదు స్థితి, పోలింగ్ కేంద్రం, నమూనా బ్యాలెట్ అన్నీ చూసుకోవచ్చు. వాడుకకి చాలా సులువు. ఫస్ట్ నేమ్ మొదటి అక్షరం, ఇంటిపేరు, కౌంటీ, పుట్టిన తేదీ ఇస్తే తెరుచుకుంటుంది. మొదటిసారి నేను సత్యలోని అక్షరం కొట్టి, నా పేరు లేదని కంగారుపడ్డాను. వెంకటలోని అక్షరం కొట్టాలి. మనవాళ్ళు గుర్తుంచుకోవలసిన విషయం ఇది. పిలిచే పేరు కాదు, కాగితం మీద మొదట ఉన్న పేరు. కాకపోతే ఆ నాలుగు వివరాలూ మా పక్కింటివాళ్ళకి కూడా తెలుసు. పాస్‌వర్డు లేదు, ఫోన్‌కి కోడ్ రాదు. 2024 జూలై నెలాఖరులో రాష్ట్రం నమోదు రద్దు చేసుకునే ఆన్‌లైన్ పేజీ ఒకటి మొదలుపెట్టింది. మొదటి రోజే కాసేపు ఒక లోపం వల్ల పుట్టిన తేదీ, లైసెన్సు నంబరు, సోషల్ సెక్యూరిటీ చివరి అంకెలు తెర మీద కనిపించే వీలు ఏర్పడింది. వెంటనే సరిచేశారు. ఎవరో రాఫెన్స్‌పెర్గర్ పేరు మీదే రద్దు దరఖాస్తు పెట్టడానికి ప్రయత్నించారని కూడా వార్త వచ్చింది, అది ముందుకి సాగలేదు. ప్రతి ఎన్నికకి నెల ముందు ఒకసారి లాగిన్ అయి యాక్టివ్ అని ఉందో లేదో చూసుకోవడం నేను అలవాటు చేసుకున్నాను.

ఇంకొకటి, ఓటరు జాబితా ఇక్కడ బహిరంగం. పేరు, ఇంటి అడ్రసు, పుట్టిన సంవత్సరం, ఏ ఎన్నికలో ఓటేశారో ఎవరైనా డబ్బు కట్టి కొనుక్కోవచ్చు. ఎవరికి వేశారో మాత్రం ఎవరికీ తెలియదు. నేను యాక్టివ్ అయిన మూడు వారాల్లో మా పోస్టు డబ్బాలో నా పేరు మీద ప్రచారం కార్డులు రావడం మొదలైంది.

ఓటేసిన రోజు గురించి చెప్పాలి. ఎన్నిక రోజుదాకా ఆగక్కర్లేదు, ముందస్తు ఓటింగ్ దాదాపు మూడు వారాలు ఉంటుంది, రెండు శనివారాలు తప్పనిసరి. కౌంటీలోని ఏ ముందస్తు కేంద్రానికైనా వెళ్ళవచ్చు. మేము వెళ్ళింది ఒక లైబ్రరీకి. లైసెన్సు ఇచ్చాను, టాబ్లెట్ మీద స్కాన్ చేశారు, సంతకం పెట్టించుకున్నారు. ఫొటో గుర్తింపు రూలు జార్జియాలో 2008 ఎన్నికల నాటికే ఉంది. జార్జియా లైసెన్సు గడువు తీరిపోయినా పనికొస్తుంది. చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు, ప్రభుత్వ ఉద్యోగి కార్డు, మిలిటరీ కార్డు, ఫొటో ఉన్న ఆదివాసీ తెగ కార్డు, రాష్ట్ర ప్రభుత్వ కాలేజీల స్టూడెంట్ కార్డు కూడా పనికొస్తాయి. ప్రైవేటు కాలేజీ కార్డు పనికిరాదు. కార్డు మీద పాత అడ్రసు ఉన్నా ఫరవాలేదు. ఏదీ తీసుకెళ్ళకపోయినా తిప్పి పంపరు. ప్రొవిజనల్ (తాత్కాలిక) బ్యాలెట్ ఇస్తారు, ఎన్నిక తర్వాత మూడు రోజుల్లో కార్డు చూపిస్తే ఆ ఓటు లెక్కలోకి వస్తుంది.

తెర మీద ఎంచుకున్నాక ప్రింటరులోంచి కాగితం వస్తుంది. దాని మీద క్యూఆర్ కోడ్, కింద మనం ఎంచుకున్న పేర్లు ఉంటాయి. ఆ కాగితాన్ని మనమే స్కానరులో పెట్టాలి. చాలామంది చూడకుండా పెట్టేస్తున్నారు. నేను రెండుసార్లు చదివాను. లెక్కించేది క్యూఆర్ కోడ్‌నైతే అక్షరాలు చదివి లాభమేమిటని అభ్యంతరం ఉంది, అది సరైన అభ్యంతరమే. 2026 జూలై 1 తర్వాత క్యూఆర్ కోడ్‌తో లెక్కించకూడదని 2024లో చట్టం చేశారు.

ఆ రోజు నా బ్యాలెట్ మీద ఉన్నవి రెండే పోటీలు, పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో రెండు సీట్లకి. మన కరెంటు రేట్లకి ఆమోదం తెలిపే కమిషన్ అది. సభ్యులు ఐదుగురే, జిల్లాలవారీగా ఉన్నా రాష్ట్రమంతా ఓటేస్తుంది. ఆ పద్ధతి మీద కేసు నడవడంతో 2020 తర్వాత దానికి ఎన్నికలే జరగలేదు. పదిహేనేళ్ళుగా జార్జియాలో కరెంటు బిల్లు కడుతున్నాను, ఆ బిల్లు మీద మాట చెప్పే వీలు ఆ రోజే వచ్చింది. బయటికి వస్తుంటే పీచు పండు బొమ్మ ఉన్న స్టిక్కర్ ఇచ్చారు.

అమ్మకి గుడివాడకి ఫోన్ చేసి చెబితే మొదటి ప్రశ్న, వేలికి సిరా పెట్టారా అని. పెట్టరమ్మా అంటే, మరి రెండోసారి వేస్తే ఎలా పట్టుకుంటారు అని. అమ్మ ప్రశ్న మంచిదే. ఇక్కడ టాబ్లెట్‌లో నా పేరు ఓటేసినట్టు గుర్తు పడగానే ఆ సంగతి మిగతా కేంద్రాలకీ తెలుస్తుంది. 2024 మే 13న అమ్మ ఓటేసినప్పుడు ఇంటికి స్లిప్పు వచ్చింది, బూత్‌లో జాబితా మీద తన ఫొటో ఉంది. మన దగ్గర శేషన్ గారి హయాంలో 1993లో ఓటరు కార్డు మొదలైంది. అది లేకపోయినా ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్కు చూపించి ఓటేయవచ్చు. కూలి పనికి వెళ్ళే మనిషి దగ్గర కూడా ఉండే కార్డులు అవి. జార్జియా జాబితాలో అలాంటివి లేవు. కరెంటు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటు పోలింగ్ కేంద్రంలో ఫొటో గుర్తింపుకి బదులు పనికిరావు. కారు నడపని, పాస్‌పోర్టు లేని పెద్దవాళ్ళకి అక్కడే దెబ్బ తగులుతుంది. అన్నట్టు, అమెరికా సిటిజన్ అయ్యాక మనకి ఇండియాలో ఓటు ఉండదు. గుడివాడ జాబితాలో ఇంకా ఉన్న నా పేరు తీసేయడానికి ఫారం-7 పెట్టించాను. ఆ పని కూడా మర్చిపోకండి.

మా ఆయన ఉద్యోగరీత్యా ఎప్పుడూ తిరుగుతుంటారు. ఆయన పోస్టులో ఓటేశారు. 2021లో వచ్చిన ఎస్‌బీ 202 అనే జార్జియా ఎన్నికల చట్టం ముందువరకూ కవరు మీద సంతకాన్ని పాత సంతకంతో పోల్చేవారు. ఇప్పుడు లైసెన్సు నంబరూ పుట్టిన తేదీ చూస్తారు. ఆయన సంతకం తెలుగులో పెడతారు, ప్రతిసారీ ఒకలా రాదు. నంబరు చూసే పద్ధతి ఆయనకి నిశ్చింత. దరఖాస్తు మీద సంతకం మాత్రం పెన్నుతో పెట్టాలి, అది ఎన్నికకి 11 రోజుల ముందే చేరాలి, నింపిన బ్యాలెట్ ఎన్నిక రోజు సాయంత్రం 7 గంటలలోపు కౌంటీకి అందాలి. పోస్టాఫీసు ముద్ర తేదీ చూడరు.

ఇక అత్తయ్య. ఆవిడకి 76 ఏళ్ళు. 2019లో సిటిజన్ అయ్యారు. 55 దాటి, 15 ఏళ్ళు గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళకి పరీక్షకి తమ భాషలో జవాబులిచ్చే వీలుంది కాబట్టి, దుభాషిని పెట్టుకుని తెలుగులోనే జవాబులు చెప్పారు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఓటేయలేదు. లైసెన్సు లేనివాళ్ళకి ఓటు లేదనుకున్నారు. మేమూ అడగలేదు. నేను స్టిక్కర్ పెట్టుకుని ఇంటికి వచ్చిన రోజు, "అమ్మాయ్, నాకూ ఇస్తారా?" అన్నారు. నవంబరు ఎన్నికకి గడువు దాటి అప్పటికి 12 రోజులు. ఆ మాట విని నాకు చాలా బాధేసింది.

డిసెంబరులో కాగితం ఫారం నింపాం. లైసెన్సు లేదు కాబట్టి సోషల్ సెక్యూరిటీ అంకెలు. అవి సరిపోవని నాకు ముందే అనుమానం. ఆవిడ మొదటి ఇండియా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండేది. అలాంటివాళ్ళకి వీసాలో పేరు తీసుకెళ్ళి ఇంటిపేరు గడిలో పెట్టి, పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని వేస్తారు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు అని. సిటిజన్‌షిప్ సర్టిఫికెట్‌లో సరిచేయించాం కానీ సోషల్ సెక్యూరిటీ రికార్డులో అది అలాగే ఉండిపోయింది. ఆసుపత్రిలో పిలిచినప్పుడల్లా ఆవిడ ఎఫ్‌ఎన్‌యూ అన్న మాటకి లేచి వెళ్ళేవారు. ముందు ఆ రికార్డు మార్పించి, తర్వాతే ఓటరు ఫారం పంపాను.

ఫొటో గుర్తింపు లేని ఓటరుకి జార్జియా ఉచితంగా ఓటరు గుర్తింపు కార్డు ఇస్తుంది. ఈ సర్వీసులో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే, తక్కువమందికి తెలిసినదీ ఇదే. నమోదు పూర్తయ్యాక కౌంటీ ఎన్నికల ఆఫీసుకి తీసుకెళ్ళాం. పుట్టిన తేదీ ఉన్న కాగితం, పేరూ ఇంటి అడ్రసూ ఉన్న కాగితం పట్టుకెళ్ళాం. అక్కడే ఫొటో తీశారు. పైసా తీసుకోలేదు.

2026 మే 19న ప్రైమరీ, అంటే పార్టీల అభ్యర్థులని ఎంచుకునే ఎన్నిక ఉంది. కొత్తగా నమోదయ్యేవాళ్ళకి ఏప్రిల్ 20 ఆఖరు. ఆవిడకి ఇంగ్లీషు చదవడం రాదు, జార్జియాలో తెలుగు బ్యాలెట్ లేదు. అయినా వోటింగ్ రైట్స్ చట్టం 208వ సెక్షన్ ప్రకారం చదవలేనివాళ్ళు తమకి నచ్చిన మనిషిని తోడు తీసుకెళ్ళవచ్చు, యజమానీ యూనియన్ ప్రతినిధీ మాత్రం కాకూడదు. నేను పేర్లు చదివి వినిపిస్తాను, ఎవరికి వేయాలో నేను చెప్పను, ఆవిడ చెప్పినదే నొక్కుతాను అని మేమిద్దరం ఇప్పటికే అనుకున్నాం. 75 నిండినవారు ఎన్నిక రోజున ఉదయం 9:30 నుంచి సాయంత్రం 4:30 వరకు అడిగితే లైన్‌లో ముందుకి పంపుతారు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి కదా, ఆ వేళకే తీసుకెళ్తాను.

కిందటి వారం పోలింగ్ కేంద్రం పేరుతో ఆవిడ కార్డు పోస్టులో వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని వేలితో ఒక్కో అక్షరమే చూశారు. పేరు గడిలో పేరుంది, ఇంటిపేరు గడిలో ఇంటిపేరుంది. ఉచితంగా ఇచ్చిన గుర్తింపు కార్డుతో కలిపి, మామయ్యగారి పాత కళ్ళజోడు పెట్టెలో పెట్టి, మే నెల వరకూ దాన్ని ఎవరూ కదపొద్దని చెప్పారు.